ఇరవై ఏళ్లు ఆగవలసిన పేరు

ఎల్లారెడ్డి మిషను స్కూలు వెనక, సమాధుల దొడ్డిలో, కొత్తగా పాతిన చెక్క ఒకటి ఉంది. దాని మీద పేరు లేదు. కొత్తవాళ్లు చూసి, పాపం దిక్కులేని మనిషేమో అనుకుంటారు. చుట్టూ ఉన్న పది పల్లెల్లో సగం మందికి పేర్లు పెట్టిన మనిషి దాని కింద ఉన్నాడని చెబితే, నేను హాస్యమాడుతున్నానంటారు. నా విషయంలో అలా అనుకోవడానికి జనానికి పెద్ద కారణం అక్కర్లేదు.

పోయే ముందు ఆయనే వద్దన్నాడు. "నన్ను గన్న అవ్వ పెట్టిన పేరొకటి, నేను తెచ్చుకున్న పేరొకటి. ఒకటి రాస్తే ఇంకోటి అలుగుతది. రెండు రాస్తే మిషను దొర అలుగుతడు. ఉత్తగ ఉండనియ్యిండ్రి." అందుకని నేనూ ఇక్కడ రాయడం లేదు. మా అందరికీ ఆయన పేర్ల పంతులు.

ఉద్యోగం ఉపదేశి పని. బాప్తిస్మం తీసుకోవడానికి వచ్చేవాళ్లను కూచోబెట్టి వేదం, అంటే బైబిలు, పాఠం చెప్పడం, ప్రార్థన నేర్పడం. కామారెడ్డి నుంచి దొర రెండు నెలలకొకసారి వచ్చి నీళ్లు చల్లేవాడు. ఎవరికి ఏ పేరు పెట్టాలో మాత్రం పంతులే ముందుగా తేల్చి, ఒక్కొక్కరికి ఒక్కో చీటీ రాసి ఇచ్చేవాడు. పైన పేరు, కింద దాని అర్థం. చదువు వచ్చినవాళ్లకూ చీటీయే, రానివాళ్లకూ చీటీయే. "అర్థం తెల్వని పేరు తాళంచెయి లేని పెట్టె అసుంటిది" అనేవాడు.

ఆయన కళ్లద్దాలకు ఒకవైపు కాడ విరిగి, బదులు దారం ఉండేది. మనిషికి పేరు ఎంచేముందు ఆ దారం చెవి నుంచి తప్పించి, అద్దాలు తీసి, ఎదుటివాణ్ని ఉత్త కళ్లతో చూసేవాడు. అద్దాలు లేకపోతే ఆయనకు గోడకూ మనిషికీ తేడా తెలియదు. ఆ మాట నేనంటే, "అద్దాలుంటే మొఖం కనవడుతది బిడ్డా, పేరు కనవడది" అన్నాడు.

గోడను చూసి పెట్టినా, పేర్లు మనిషికి అతికేవి. ఈతచెట్లు గీసే ఒకాయన కూతురికి తామారు అని పెట్టాడు. ఖర్జూరపు చెట్టు అని అర్థం. "అంటే మన ఈతచెట్టుకు సుట్టమే గద పంతులూ?" అని తండ్రి అడిగాడు. "సుట్టమే." తండ్రి కళ్లనిండా సంతోషం. దొర ఆ పేరును వేదంలో చూసుకున్నాడు గాని చెట్టు మీద చూసుకోలేదు. కల్లు మానమని ఆ ఆదివారం కూడా గట్టిగా ప్రసంగం చేశాడు. గొర్రెలు కాచుకునే ఒకామెకు రాహేలు అని పెడితే, అర్థం విని, "నన్ను గొర్రె అంటవా" అని వారం రోజులు పంతులుతో మాట్లాడలేదు. నాకు ఇస్సాకు అని పెట్టింది కూడా ఆయనే. ఆయన అద్దాలు తీసి చూడగానే నేను నవ్వానట. ఇస్సాకు అంటే నవ్వు. చదువుకొని తిరిగి వచ్చి అదే స్కూల్లో పంతులుగిరీ చేస్తున్నా, ఆ నింద ఇంకా నా మీద ఉంది.

ఆయన ఇల్లూ నా ఇల్లూ ఒకటే గోడ. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఊళ్లో పిల్లలందరూ తను పేరు పెట్టినవాళ్లే కాబట్టి ఆ కొరత తెలియదనేవాడు. నమ్మినట్టు నేను తల ఊపేవాణ్ని.

పేరు మార్చడానికి ఎవరైనా వెనకాడితే ఆయన దగ్గర ఒక కథ సిద్ధంగా ఉండేది. యాకోబు భార్య రాహేలు, ప్రయాణంలో దారి మధ్య ప్రసవించి, ప్రాణం పోతుండగా పుట్టినవాడికి బెనోని అని పేరు పెట్టింది. నా దుఃఖానికి పుట్టిన కొడుకు అని అర్థం. తండ్రి ఆ పేరు ఉండనివ్వలేదు. బెన్యామీను అన్నాడు. కుడిచేతి కొడుకు. "సూడుండ్రి" అనేవాడు పంతులు, తన కుడిచెయ్యి పైకెత్తి, "దుఃఖంల పెట్టిన పేరును తండ్రి ఎట్ల లేపి కుడిదిక్కున కూసోవెట్టిండో." ఆ కథ నేను నలభైసార్లయినా విని ఉంటాను. గోడకు ఇవతల ఉన్నా తప్పించుకోలేదు.

ప్రపంచ యుద్ధం ఇంకా రాని రోజుల్లో, పక్క పల్లె నుంచి సాయిలు అనే కూలి, పెళ్లాం నర్సవ్వ, మూడేళ్ల కొడుకు వచ్చారు. స్కూలు వరండాలో చాప మీద కూచున్నారు. నేను పిల్లల పలకలు దిద్దుతున్నాను.

"వీని పేరేంది బిడ్డా?" అన్నాడు పంతులు.

"పెంటిగాడు" అంది నర్సవ్వ.

"మంచి పేరు పెట్టుకుందాం."

"గదే మంచిది. ముందటి ముగ్గురికి మంచి పేర్లే పెడితిమి. ముగ్గురు పోయిండ్రు. గీ పేరుతోని వీడు మూడేండ్లున్నడు."

సాక్ష్యం ఆమె వైపే ఉంది. ఆ పేరు వెనక ఉన్న ఆచారం మా దిక్కు అందరికీ తెలుసు. పిల్లలు దక్కని తల్లి, పుట్టినవాణ్ని చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, వెనక్కి తిరిగి నిలబడుతుంది. ఎవరో ఒకరు దారిన పోతున్నట్టు వచ్చి, ఎవరో పారేసిన పిల్ల నాకు దొరికింది అని ఎత్తుకొని, మళ్లీ ఆ తల్లికే చేటెడు తవుడుకు అమ్ముతారు. పారేసిన సరుకు మనకెందుకులే అని చావు పక్కింటికి పోతుందని నమ్మకం. చావు పొరబడకుండా పేరు కూడా అదే పెడతారు. మిషనులో దీన్ని ఒప్పుకోరు. చేసినా, చేయించినా రొట్టె, రసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వరు.

"దానికి భయం, పంతులూ" అన్నాడు సాయిలు.

"నీకు లేదా?"

"నాకు గూడ ఉన్నది. మొగోన్ని గద అని చెప్తలేను."

పంతులు బెన్యామీను కథ ఎత్తుకున్నాడు. నర్సవ్వ చివరిదాకా విన్నది. "తల్లి పెట్టిన పేరు ఆయన ఎందుకు మార్చిండు?" అంది.

"పిలిచినప్పుడల్ల దుఃఖం యాదికొస్తది గద బిడ్డా."

"యాదికొస్తే ఏమైతది? ఆమె సావనే సచ్చె. ఆమె మాటన్న ఉండకపాయె."

నేను పలక అడ్డం పెట్టుకొని నవ్వాను. పంతులు నవ్వలేదు. దారం తప్పించి అద్దాలు తీశాడు. "ఇను బిడ్డా. నేను పిట్లం దిక్కోన్ని. నాకన్న ముందుగాల నలుగురు పోయిండ్రు. మా అవ్వ నాకు గిసుంటి పేరే పెట్టింది, గట్లనే కుప్ప మీదికెల్లి తెచ్చుకున్నది. ఆ పేరు తీసేసి నేను వేదం పేరు పెట్టుకున్న. సచ్చిన్నా? నీ ముంగట కూసున్న గదా."

నర్సవ్వ ఆయనను తల నుంచి కాళ్ల దాకా చూసింది. దృఢంగానే ఉన్నాడు. తల నెరిసింది గాని పళ్లన్నీ ఉన్నాయి. పిల్లవాణ్ని ఒళ్లోంచి దించి ఆయన వైపు కొద్దిగా తోసింది.

దొర వచ్చాడు, నీళ్లు చల్లాడు, బెన్యామీను అన్నాడు. పిల్లవాడు తుమ్మాడు. చీటీని నర్సవ్వ మడిచి కొంగున ముడి వేసుకుంది.

పంతులు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన తప్పు అంటూ ఏదైనా ఉంటే, పేరు పెట్టడం కాదు, దాని వెంటపడడం. నర్సవ్వ పొలంగట్టు మీద నుంచి "పెంటిగా" అని పిలిస్తే, ఈయన గొడుగుతో ఆగి, "బెన్యామీను అను బిడ్డా" అనేవాడు. సంతలో అనేవాడు. బావి దగ్గర అనేవాడు. ఆమె మొదట్లో వినపడనట్టు ఊరుకుంది. తర్వాత నాలుక తిప్పుకొని "బెన్నెం" అనడం మొదలుపెట్టింది. "వస్తున్నది, వస్తున్నది" అని పంతులు నాకు గోడ మీదుగా శుభవార్త చెప్పాడు. ఎండాకాలం పోయేసరికి ఆమె పాత పేరు పూర్తిగా మానేసింది.

తొలకరికి గత్తర వచ్చింది, అంటే కలరా. పిల్లవాడు పొద్దున వాంతి చేసుకున్నాడు, పొద్దు గూకకముందే పోయాడు.

వారానికి నర్సవ్వ వరండా దగ్గరికి వచ్చింది. మెట్టెక్కలేదు. కొంగుముడి విప్పి చీటీ తీసింది.

"నీ కాయిదం తీస్కో పంతులూ."

"ఉండనియ్యి బిడ్డా."

"నాకు సదువు రాదు. వాడుంటే అది వాని పేరు. వాడు లేకుంటే ఉత్త కాయిదం." ఆయన చెయ్యి చాపలేదు. ఆమె చీటీని మెట్టు మీద పెట్టి, ఎగరకుండా ఒక రాయి పెట్టింది. "ఒక్క మాట అడుగుత. నువ్వు పేరు మార్చుకున్ననాడు నీకెన్నేండ్లు?"

పంతులు ఆ రాయినే చూస్తూ, "ఇర్వై" అన్నాడు.

"ఇర్వై ఏండ్లు మీ అవ్వ పెట్టిన పేరే నిన్ను గాసింది. నా కొడుకుకు మూడేండ్లకే తీసేస్తివి."

గొంతు పెంచలేదు. ఏడవలేదు. పొలంలో నీళ్లు ఏ మడికి తిప్పాలో చెప్పినట్టు చెప్పి వెళ్లిపోయింది.

నేను చదువుకున్నవాణ్ని కాబట్టి ఆ సాయంత్రం ఆయనకు ధైర్యం చెప్పబోయాను. గత్తర పేరడిగి రాదు, ఆ వారం పోయినవాళ్లలో మల్లయ్య ఉన్నాడు, పోచయ్య ఉన్నాడు, కరీము ఉన్నాడు, నీళ్లు కాచుకోకపోవడమే కారణం అన్నాను.

"తెల్సు బిడ్డా" అన్నాడు. "నేను గూడ గదే చెప్తుంటి, ఇంకొకలు పేరు పెట్టి ఉంటే."

ఆ తర్వాత ఆ నలభైసార్ల కథ గోడ అవతల నుంచి వినపడలేదు. బదులు, ఒకరోజు నా గుమ్మంలోకి వచ్చి నిలబడి, "ఇస్సాకూ, ఇన్నేండ్లు నేను దాన్ని తండ్రి దిక్కుకెల్లే సదివిన" అన్నాడు. రాహేలు పుట్టింటి నుంచి వస్తూ తండ్రి దేవుళ్ల బొమ్మలు ఒంటె జీను కింద దాచుకొని వచ్చింది. యాకోబుకు తెలియదు. మామ వచ్చి నిలదీస్తే, అవి ఎవరి దగ్గర దొరికితే వాళ్లు బతకరు అనేశాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆమె దారిలో పోయింది. "ముందుగాల నోరు జారింది ఆయననే, ఎనుక పేరు మార్చింది ఆయననే. ఆమెను ఎవలన్న ఒక మాట అడిగిండ్రా?"

నాకు హాస్యమాడడానికి సందు దొరకలేదు, అది అరుదు.

పేర్లు మార్చడం మానేశాడు. ఎవరైనా వస్తే, అద్దాలు తీయకుండానే, "మీ అవ్వ ఏమని పిలుస్తది?" అని అడిగేవాడు. వాళ్లేది చెబితే అదే చీటీ మీద రాసేవాడు. దొర ఒక ఆదివారం వరుసగా ఎల్లయ్యకు, మైసయ్యకు, పోశవ్వకు బాప్తిస్మం ఇవ్వవలసి వచ్చింది, అన్నీ ఊరి దేవతల పేర్లే. దొర తెలుగు మా తెలుగు కంటే శుభ్రమైనది, అందుకని మాకు కాస్త ఆలస్యంగా అర్థమయ్యేది. ఆ రోజు కోప్పడిన మాటలు మాత్రం వెంటనే అర్థమయ్యాయి.

రెండేళ్లు ఇలా గడిచాయి. నర్సవ్వ మిషను గుడికి రాలేదు. మిషను దారి తప్పించి చుట్టు తిరిగి పొలానికి పోయేది.

ఒక వానాకాలం పొద్దున సాయిలు పరుగెత్తుకొచ్చాడు. తలగుడ్డ లేదు.

"పంతులూ, కొడుకు పుట్టిండు. కుప్ప మీద పెట్టింది. ఎత్తెటోళ్లు లేరు."

మునుపు పెంటిగాణ్ని ఎత్తిన పక్కింటి ముసలవ్వ కూడా ఆ గత్తరలోనే పోయింది. గుడికి వచ్చే ఆడవాళ్లకు బల్ల దగ్గరికి రానివ్వరని భయం. గుడికి రాని చుట్టాలు, "మీరు వేదంల గలిసిండ్రు గద, మీ దొరనే ఎత్తుమనుండ్రి" అన్నారట. తల్లి ఎత్తకూడదు, తండ్రి ఎత్తకూడదు.

పంతులు కోటు తొడుక్కున్నాడు. ఆయన కోటు తొడుక్కునేది ప్రసంగానికి, చావుకు. నేను వెంట నడిచాను.

సన్నగా వాన. కుప్ప మీద చేట, చేటలో పాత చీరముక్క, అందులో ఎర్రగా ఏడుస్తున్న ముద్ద. అంత దూరంలో ఒక కుక్క కూచుని చూస్తోంది. ఇంటిగోడకు ముఖం పెట్టి నర్సవ్వ నిలబడి ఉంది. పచ్చి బాలింత, గోడ పట్టుకొని నిలబడింది. వెనక్కి చూడడం లేదు. గుమ్మాల్లో ఆడవాళ్లున్నారు. అందరూ చూస్తున్నారు, ఎవరూ కదలడం లేదు. ఎంతసేపటి నుంచి ఇలా ఉందో నేను అడగలేదు.

పంతులు గొడుగు నా చేతికిచ్చాడు. దారం తప్పించి, రెండేళ్ల తర్వాత మొదటిసారి, అద్దాలు తీశాడు. కుప్పలోకి మోకాళ్ల దాకా దిగబడుతూ ఎక్కి, చేటను రెండు చేతులా ఎత్తాడు.

"ఎవలో పారేసిండ్రు" అన్నాడు. ప్రసంగం చేసే గొంతుతోనే అన్నాడు, ఊరి చివరిదాకా వినపడింది. "నాకు దొరికిండు."

నర్సవ్వ భుజాలు కదిలాయి. గొంతు ఆమె గుర్తుపట్టింది.

"కొంటవా బిడ్డా?"

ముఖం తిప్పకుండా, గోడతోనే, "ఎంతకిస్తవు?" అంది.

"చేటెడు తవుడుకు."

అప్పుడు తిరిగింది. పిల్లవాణ్ని తీసుకుంది. సాయిలు కొలిచి పోసిన తవుడును పంతులు తన కండువాలో మూట కట్టుకున్నాడు.

"ఇగ వీని పేరు జోలికి రాకు" అంది నర్సవ్వ.

"రాను. ఇర్వై ఏండ్లు నిండినంక వస్త."

"అప్పటికి నీకెన్నేండ్లు?"

"ఎనభై."

ఆమె నోటిమీద కొంగు పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చెప్పలేను. నా పేరుకున్న అర్థాన్ని బట్టి నవ్విందనే అనుకున్నాను.

తిరిగి వస్తూ, బర్రె లేని ఇంటికి తవుడెందుకు అన్నాను. "దొర ముంగట సాక్ష్యం కావాలె గద" అన్నాడు.

సాక్ష్యం అక్కర్లేకుండానే కబురు వచ్చింది. ఇద్దరం బండి కట్టించుకొని కామారెడ్డి పోయాం. దొర చెడ్డవాడు కాదు. కూచోమన్నాడు, పంతులు కూచోలేదు.

"ఆ కుప్ప బిడ్డను కాపాడుతుందని మీరు నమ్ముతున్నారా?" అన్నాడు దొర.

"నమ్మను దొరా."

"మరి ఎందుకు చేశారు?"

"నేను నమ్మిందే ఒకసారి చేసిన. ఆ పిలగాడు మన సమాధుల దొడ్డిల పండుకున్నడు. సమూయేలు పుట్టినంక వాళ్లమ్మ హన్నా పాట పాడుతది. లేనోన్ని పెంటకుప్ప మీదికెల్లి లేపెటోడు దేవుడే అంటది. నేను దేవుని పని జేసిన అంటలేను దొరా. ఆ పొద్దు ఆడ ఇంకెవ్వలు లేకుండిరి."

దొర కిటికీలోంచి బయటికి చూశాడు. స్టేషన్లో రైలు వచ్చి ఆగింది, కూత వేసి పోయింది. రైలు పోయాక దొర, ఉపదేశి పని ఇక వద్దనీ, స్కూలు గంట కొట్టే పని ఉందనీ చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన శుభ్రమైన తెలుగు తడబడింది.

పంతులు గంట బాగా కొట్టాడు. ఎప్పుడూ రెండు నిమిషాలు ఆలస్యం, కారణం అద్దాలు లేకుండా గడియారం చూడడం. మళ్లీ ఎందుకు తీస్తున్నావంటే, "ఒక పేరు ఎతుకుతున్న" అనేవాడు.

మొన్న చలి మొదట్లో జ్వరం పట్టింది. లేవడని ఆయనకే తెలిసింది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి దగ్గర కూచోబెట్టుకొని, పిల్లవాడికి ఎంచిన పేరు చెప్పాడు. అర్థం చెప్పాడు. దాన్ని ఎంచడానికి మూడేళ్లు పట్టిందన్నాడు. "ఇర్వై నిండినంక వాడొచ్చి అడిగితేనే చెప్పు. అడగకుంటే నీతోనే పోనియ్యి. వాళ్లమ్మ పెట్టింది గూడ మంచి పేరే." చీటీ రాయనా అంటే వద్దన్నాడు.

కోటు తొడిగి పెట్టెలో పడుకోబెడుతుంటే లోజేబులో ఒక పాత చీటీ తగిలింది. మడతల్లో చిరిగి ఉంది. కుడిచేతి కొడుకు అన్న అక్షరాలు ఇంకా కనపడుతున్నాయి. అక్కడే ఉంచాను.

పాతిపెట్టిన రోజు నర్సవ్వ వచ్చింది. చంకలో చిన్నవాడు, వాడూ పెంటిగాడే. మూడేళ్లు నిండాయి, దిగుతానని తన్నుకుంటున్నాడు. అందరూ వెళ్లాక, పేరులేని చెక్క దగ్గర నిలబడి నన్ను అడిగింది.

"వీని కోసం ఒక పేరు దాచిండట గద."

"దాచిండు."

"నీకు చెప్పిండా?"

"చెప్పిండు." నోటి చివరిదాకా వచ్చింది. నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు.

"చెప్పకు" అంది వెంటనే. నన్ను, ఒకప్పుడు పంతులును చూసినట్టే, తల నుంచి కాళ్ల దాకా చూసింది. ఆమెకు కనపడింది అంత ధైర్యం ఇచ్చేదిగా లేదనుకుంటాను. "ఇంక పదిహేడేండ్లు ఉండాలె సారూ నువ్వు. గింత బక్కగున్నవేంది?"

ఆ మర్నాటి నుంచి సాయిలు పొద్దున్నే రెండు జొన్నరొట్టెలు, ఇంత కారం తెచ్చి నా గుమ్మంలో పెట్టి పోతున్నాడు. వాళ్లింట్లో అవి మిగిలేవి కావని నాకు తెలుసు. వద్దని రెండుసార్లు చెప్పి చూశాను. తింటున్నాను.